టీ తర్వాత వచ్చిన కుక్క

బ్రిడ్జ్‌టౌన్ టెస్టులో మన దీవులవాళ్ళు ఏడు పరుగుల తేడాతో ఓడిపోయిన మర్నాడు, మా ఊరు సిక్స్ రోడ్స్‌లో ఎవరూ ఎవరినీ పలకరించుకోలేదు. రొట్టెల బండివాడు కూడా హారన్ మోగించకుండా వెళ్ళిపోయాడు. నా రమ్ము కొట్టు మాత్రం పెందలాడే తెరిచాను. దుఃఖంలో ఉన్నవాళ్ళకు దాహం ఎక్కువ.

ఊళ్ళో ఒక్క మనిషికి మాత్రం ఓటమికన్నా పెద్ద చిక్కు వచ్చిపడింది. అతను గ్రాఫ్టన్ బ్లెన్మన్, మా క్లబ్బు జట్టుకు సెలెక్టరు. ఆఖరి బంతి పడకుండా సీట్లోంచి లేచేవాడు అసలు మనిషే కాదని ఏళ్ళ తరబడి చెప్పుకుంటూ తిరిగినవాడు. అందుకే అతన్ని అందరం ‘ఆఖరిబంతి’ అనేవాళ్ళం.

ఆ రోజు టీ విరామానికి మనవాళ్ళకు ఎనిమిది వికెట్లు పోయాయి, ఇంకా తొంభై పైచిలుకు కావాలి. ఆఖరిబంతి అటూ ఇటూ చూసి, ఇప్పుడైతే బస్సులో సీటు దొరుకుతుందని లేచి వచ్చేశాడు. బస్సు రాలేదు. పక్కనే స్నేహితుడింట్లో డొమినోలు వేసుకుని కూర్చున్నాడు. ఆ గంటలోనే మన కీపరు బౌలర్లిద్దర్నీ వెంటేసుకుని, పరుగుకు పరుగు కూడబెట్టి గెలుపు గుమ్మం దాకా వెళ్ళాడు. అలాంటి గంట ఈ దీవిలో మళ్ళీ చూడబోమని అందరూ అన్నారు. ఆ గంటలో ఆఖరిబంతి డొమినోల్లో కూడా ఓడిపోయాడు.

శనివారం సాయంత్రం నా కొట్లో క్లబ్బు సమావేశం. ఆ ఏడు సెలెక్టరు పదవికి అప్పీలు ఆల్విన్ కూడా పోటీకొచ్చాడు. ఇతను మంగలి. గడ్డం గీస్తూ గీస్తూ ఎల్బీడబ్ల్యూ అని అరిచే రకం. మన టెస్టు జట్టు బలమేమిటో, బలహీనతేమిటో ఇద్దరూ మాట్లాడాలనీ, బాగా చెప్పినవాడికే పదవి అనీ అధ్యక్షుడు ఐఫిల్ ముసలాయన తేల్చేశాడు.

సమావేశానికి ముందురోజు, చూడని గంట గురించి ఏం చెప్పాలో తోచక గ్రాఫ్టన్ తన ఇంట్లో వంటింట్లోకి వెళ్ళాడు. భార్య ఎర్మా చేపలకు మసాలా పట్టిస్తోంది.

“ఏమే, నీ రేడియోవాడు ఆఖరి గంట ఆట సరిగ్గా చెప్పాడా?”

“నువ్వు చూశావుగా?”

“చూశాను కాబట్టే అడుగుతున్నా. వాడు చెప్పిందీ నేను చూసిందీ ఒకటేనా అని.”

“అయితే నువ్వు చూసింది చెప్పు ముందు.”

“నేను ముందు చెబితే నువ్వు దానికే తలూపేస్తావు.”

“పెళ్ళయిన ఇన్నేళ్ళలో దేనికైనా తలూపానా నేను?”

ఎర్మాకు ఒక బాధ ఉంది. ప్రతి ఆదివారం ఆట అయ్యాక పదకొండు మందీ సెలెక్టరింట్లో భోంచెయ్యడం మా క్లబ్బు ఆనవాయితీ. పదవి గ్రాఫ్టన్‌ది, పొగ ఎర్మాది. అదేమాట ఎన్నిసార్లు చెప్పినా అతను వినిపించుకోలేదు.

“కీపరు బ్రహ్మాండంగా ఆడాడట,” అంది చేతులు కడుక్కుంటూ. “ఇంక గెలుపే అనుకుంటుంటే కుక్క వచ్చిందట కదా.”

“కుక్కా?”

“ఏం, నువ్వు చూళ్ళేదా?”

“చూడకేం! నా కళ్ళముందే వచ్చింది. ఏ రంగన్నాడు?”

“రేడియోలో రంగు కనపడదయ్యా.”

శనివారం కొట్టు కిటకిటలాడింది. ముందు ఆల్విన్ లేచాడు. మనవాళ్ళలో బలహీనతే లేదనీ, ఉన్నదంతా అంపైరులోనే ఉందనీ చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు బాగానే పడ్డాయి.

తర్వాత గ్రాఫ్టన్. మొదలు బాగానే పెట్టాడు. కొత్త బంతితో మనవాళ్ళ వేగాన్నీ, కీపరు నిబ్బరాన్నీ పొగిడాడు. ఆపైన గొంతు తగ్గించాడు.

“అప్పుడొచ్చింది గోధుమరంగు కుక్క. ఎడమ చెవి సగమే ఉంది. పోలీసు వెంటపడితే టోపీ జారింది. కీపరు దాన్ని చూసి నవ్వాడు. నవ్వినవాడికి మళ్ళీ బంతి మీద చూపు నిలుస్తుందా? మనల్ని ఓడించింది వాళ్ళు కాదు, ఆ కుక్క!”

కొట్లో సగం మంది ఆ రోజు మైదానంలో ఉన్నవాళ్ళే.

“హౌజట్!” అన్నాడు ఆల్విన్. “ఏ కుక్కయ్యా?”

“కావాలంటే మా ఎర్మాని అడగండి. రేడియోలో కూడా చెప్పారు.”

కొట్లోనే ఓ పక్కన సరుకుల గల్లా దగ్గర ఉప్పుచేప కొంటున్న ఎర్మా ఇటు తిరిగింది. “నేను రేడియో వినలేదే. మా చర్చి కుట్టుసంఘం వాళ్ళం అల్లికలు అమ్మడానికి టౌనుకెళ్ళాం. టీ తర్వాత గేట్లు వదిలేస్తే లోపలికి దూరాం. ఒకే ఒక్క సీటు ఖాళీ. అది ఆఖరిబంతిదమ్మా, ఇప్పుడే బస్సుకెళ్ళాడు అన్నాడు పక్కాయన. కూర్చుంటే ఇంకా వెచ్చగానే ఉంది.”

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. గ్రాఫ్టన్ తన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

“మరి నువ్వే చెప్పమ్మా, ఎందుకు ఓడాం?” అన్నాడు ఐఫిల్ ముసలాయన.

“ఏడు పరుగులకు ఓడాం. మనం వేసిన నోబాల్సే అంతకు రెండింతలు. స్లిప్పులో వాళ్ళ కెప్టెన్ని సున్నా మీద వదిలేశాం, వాడు సెంచరీ కొట్టాడు. మన పెద్ద బ్యాట్స్‌మన్లు ముగ్గురూ బంతి లేస్తే చాలు హుక్ చెయ్యకుండా ఉండలేరు. ముగ్గురూ ఒకే మనిషి చేతిలో క్యాచ్ పెట్టారు. వాడు చోటు కూడా మారలేదు. మన వేగం దొడ్డదే, కాదనను. కానీ నెమ్మదిగా వేసేవాడు ఒక్కడుంటేనా, నాలుగో రోజు అరిగిన పిచ్ మీద వాళ్ళు అన్ని పరుగులు చేసేవాళ్ళా?” అని, ఉప్పుచేప పొట్లం చంకలో పెట్టుకుంది.

ఐఫిల్ ముసలాయన చేతులెత్తమన్నాడు. అన్ని చేతులూ ఎర్మాకే లేచాయి. ఆల్విన్ రెండు చేతులూ ఎత్తాడు, అలవాటు కొద్దీ.

“నాకెందుకయ్యా ఈ పదవి!” అని నిజంగానే బెంబేలు పడింది ఎర్మా. మొగుడి పదవి ఊడగొట్టి వంట తప్పించుకుందామని వేసిన ఎత్తు, వంటనే నెత్తికెక్కించింది. రెండు నిమిషాలు ఆలోచించి మొగుడి వైపు చూసింది. “సరే. సెలెక్టరు మైదానంలో ఉండాలి. వంట ఇంట్లో ఉన్నవాళ్ళది. ఇన్నేళ్ళూ జరిగింది అదేగా?”

మర్నాడు రమ్ము సీసాలు దింపడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆట ముగిసి కుర్రాళ్ళు వాకిట్లో ఆకలితో అరుస్తున్నారు. లోపల గ్రాఫ్టన్ చెమటలు కక్కుతూ కూకూ వండుతున్నాడు. మొక్కజొన్న పిండి, బెండకాయ నీళ్ళు. క్షణం ఆపితే ఉండలు కట్టేస్తుంది. ఎర్మా టోపీ తీసి గుమ్మంలో నిలబడింది.

అతను తల ఎత్తకుండానే, “ఎర్మా,” అన్నాడు నెమ్మదిగా. “ఆ ఆఖరి వికెట్టు నిజంగా ఎలా పడిందే?”

ఎర్మా అతన్ని ఎగాదిగా చూసింది. స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

“గరిటె ఆపకు,” అంది. “చెబుతాను.”