ఆలివ్ నూనె సదస్సుకు వచ్చిన పరామర్శ

పొద్దున ఏడింటికే నుహాద్ నల్ల కోటు తొడుక్కుని, జుట్టు బిగించి ముడేసుకుని, ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చుని తెరలో తన మొహం చూసుకుంది. ఆలివ్ నూనె రుచి చూసేవారి సంఘానికి ఆమె పంతొమ్మిదేళ్లుగా కార్యదర్శి. ఆ రోజు తొమ్మిది నుంచి ఐదు దాకా పన్నెండు ఊళ్లవాళ్లని తెర మీద కూర్చోబెట్టి, బీరూట్‌లోని తన ఇంటి నుంచే సదస్సు నడపబోతోంది.

నడపలేదని ధీమాగా ఉన్నవాడు ఉపాధ్యక్షుడు షాద్లీ. ఉండేది ట్యూనిస్‌లో. "మేడమ్, మీ ఊళ్లో కరెంటు సంగతి అందరికీ తెలిసిందే. రోజు మొత్తంలో ఒక్కసారి లైను తెగినా వచ్చే ఏడాది నుంచి సదస్సూ, సంఘం ఆఫీసూ ట్యూనిస్‌కే" అని అందరి ముందూ అనేశాడు. "తెగితే తీసుకుపోండి. తెగదు" అంది నుహాద్. ఆ తర్వాత రెండు రాత్రులు కన్ను మూతపడలేదు, అది వేరే సంగతి.

ఏర్పాట్లు మాత్రం గట్టిగానే చేసింది. సర్కారు కరెంటు ఎలాగూ దేవుడికే ఎరుక. వీధి జనరేటరు నడిపే అబూ షర్బెల్ రోజూ ఒంటిగంట నుంచి మూడు దాకా దాన్ని ఆపేస్తాడు. సొంత కూతురి పెళ్లినాడు కూడా ఆపాడు. ఆ రెండు గంటల కోసం ఎదురింటి ఉమ్ నబీల్ కొడుకుని అడిగి, వాళ్ల బ్యాటరీల నుంచి వైరు లాగింది. ఆ పెద్దమనిషి తల్లికి చెప్పడం మరిచి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వైరు గుమ్మంలోంచి రావాలి గనక నుహాద్ తలుపు బార్లా తెరిచి ఉంచింది. తెర మీద గది నీటుగా కనబడాలని కుర్చీలన్నీ బయట వసారాలో వరసగా వేయించింది. మెట్ల దగ్గర కాగితం అంటించింది: "ఈరోజు మాకు గడ్డురోజు. ఐదింటిదాకా పాటలు పెట్టకండి, హీటర్లు వేయకండి."

నల్లబట్టలు, తెరిచిన తలుపు, వరసగా కుర్చీలు. ఆ ఊళ్లో ఈ మూడూ ఒకచోట కనబడితే అది చావిల్లని ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు. నుహాద్‌కీ తెలియనిది కాదు, కానీ ఆవిడ బుర్ర నిండా వైర్లే.

తొమ్మిదిన్నరకి మొదటి రుచి. నూనెని చిన్న నీలం గ్లాసులో పోసుకుని, గాలితో కలిపి జుర్రుమని పీల్చాలి. మంచి నూనె అయితే గొంతు మండి దగ్గొస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. తెర మీద ఎనభైమంది ఒక్కసారిగా జుర్రి, దగ్గి, కళ్లు తుడుచుకుంటున్న క్షణంలో ఉమ్ నబీల్ తన తలుపు తీసింది.

"నుహాద్ ఇంట్లో ఎవరో పోయారు. కంప్యూటర్లో పైదేశాలవాళ్లు కూడా ఒకటే ఏడుపు" అని పై అంతస్తుకి చెప్పింది. పోయిందెవరని ఎవరూ అడగలేదు. పరామర్శకి వచ్చి ఆ మాట అడగడం కంటే సిగ్గుమాలిన పని ఇంకోటి లేదక్కడ. ఉమ్ నబీల్ మర్యాదగా ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసి, తాళం వేసి, చావింట్లో తాగే చక్కెర లేని కాఫీ ఫ్లాస్కుతో వచ్చి మొదటి కుర్చీలో కూర్చుంది.

నుహాద్ భర్త వజ్దీ వంటింట్లో మీటరుకి కాపలా ఉన్నాడు. చప్పుడు విని బయటికి రాగానే నాలుగో అంతస్తు మిత్రీ అతన్ని కావలించుకున్నాడు.

"దేవుడు మీకు ఓర్పునివ్వాలి."

"ఇవ్వాలి మరి. ఐదింటిదాకా లాగాలి కదా" అన్నాడు వజ్దీ.

"ఐదింటికే అయిపోతుందా? అంత తొందరేమిటి?"

"ట్యూనిస్‌వాడు ఊరుకోడండీ. గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు."

పోయినవాళ్లకి ట్యూనిస్‌లో ఇంత కఠినమైన బంధువున్నాడా అని మిత్రీ బాధపడ్డాడు.

పదకొండయ్యేసరికి వసారా నిండి, జనం గదిలోకి వచ్చి నుహాద్ వెనక గోడవారగా కూర్చున్నారు. ఆవిడ మైకు కట్టేసి పళ్లు బిగించి అడిగింది. "వజ్దీ, ఎవరు వీళ్లంతా?"

"మనవాళ్లే. ధైర్యం చెప్పడానికొచ్చారు."

పక్కింటివాళ్లు తన సదస్సు కోసం పనులు మానుకుని వస్తారని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. "కూర్చోమను. నోరు మాత్రం విప్పొద్దను."

"మేడమ్, మీ వెనక ఎవరు?" అన్నాడు తెరలోంచి షాద్లీ.

"మా ప్రేక్షకులు. ఏం, మీ దగ్గర ఎవరూ రాలేదా?"

పన్నెండుముప్పావుకి వజ్దీ కంప్యూటరు వెనక నిలబడి కాగితం పైకెత్తి చూపించాడు: "ఎదురింటి వైర్లో కరెంటు లేదు. ఇంటికి తాళం." నుహాద్ గడియారం చూసింది. పదిహేను నిమిషాల్లో పంతొమ్మిదేళ్ల కష్టం ట్యూనిస్‌కి పోతుంది. పోతే పోనీ, చీకటయ్యేదాకా నోరు మూసేది లేదు అనుకుని గొంతు ఇంకాస్త పెంచింది.

ఒంటిగంట కొట్టింది. దీపం వెలుగుతూనే ఉంది. గుమ్మంలో అబూ షర్బెల్ నల్ల టై కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇలాంటి రోజు మీ ఇంటికి కరెంటు తీసేంత రాతిగుండె కాదయ్యా నాది" అని వజ్దీ చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఆఖరి రుచి నుహాద్ పుట్టింటివాళ్ల కొండతోట నూనెది. వచ్చినవాళ్లందరికీ కాఫీ కప్పుల్లో పోయించింది. పోయినవాళ్ల ఆఖరి కోరిక కాబోలనుకుని ముప్పైమందీ మారుమాట లేకుండా గడగడా తాగేశారు. ఆ నూనె ఘాటు మామూలుది కాదు. అందరికీ దగ్గు, దగ్గుతోపాటు ధారగా కన్నీళ్లు. పొద్దుటి నుంచి దాచుకున్న ఏడుపు కూడా అందులోనే బయటపడింది. ఉమ్ నబీల్ అయితే గుండెలు బాదుకుంది.

తెర మీద ఎనభైమందీ నోరెళ్లబెట్టారు. షాద్లీ లేచి నిలబడ్డాడు. "నలభై ఏళ్లుగా నూనెలు రుచి చూస్తున్నాను. నూనె తాగి ఇంతగా ఏడ్చే జనాన్ని చూడలేదు. సదస్సు బీరూట్‌లోనే ఉండనివ్వండి, ఆఫీసు కూడా." అందరూ చేతులెత్తారు.

ఐదింటికి నుహాద్ కంప్యూటరు మూసి, వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది. "మీ రుణం ఎలా తీర్చుకోను."

ఇంక ఆగలేక ఉమ్ నబీల్ సిగ్గు విడిచి అడిగేసింది. "ఏడ్చి ఏడ్చి ప్రాణం పోయింది గానీ, ఇంతకీ పోయిందెవరమ్మా?"

నుహాద్‌కి అంతా ఒక్కసారి అర్థమైంది. తల మాత్రం దించలేదు. "ఎవరూ పోలేదు. నా సదస్సు పోవాల్సింది, మీ పుణ్యాన అదీ పోలేదు."

అబూ షర్బెల్ టై విప్పి జేబులో కుక్కుకుని మెట్లు దిగాడు. మూడు నిమిషాల్లో వీధి వీధంతా చీకటైపోయింది.

నుహాద్ కొవ్వొత్తి వెలిగించుకుని సదస్సు నివేదిక తీసి, అంతరాయాలు అన్నచోట "లేవు" అని రాసింది.