రిపోర్టు వచ్చేదాకా అంతా పచ్చగానే ఉంటుంది

బాగా ఆలోచించే చెబుతున్నాను. మనిషి ఆరోగ్యానికి ఆలస్యంగా వచ్చే రిపోర్టుకన్నా మేలు చేసేది ఇంకొకటి లేదు.

ఆసుపత్రి రిపోర్టు గురించి కాదు, భయపడకండి. నేను చెప్పేది మెయిల్ రిపోర్టు గురించి.

అలాంటిది ఒకటి ఉందని మీలో చాలామందికి తెలిసుండదు. కాబట్టి ముందు పరిచయం చేస్తాను. తమిళనాడులోని ధర్మపురి బస్టాండు వెనక, ఒక చెప్పుల షాపు పైన, రెండు గదుల ఆఫీసులో నాకు ఉద్యోగం. ఎవరికైనా ఒకేసారి వందలమందికి మెయిల్ పంపే అవసరం వస్తే మా దగ్గరికి వస్తారు. కాలేజీ వాళ్ళు, నగల దుకాణం వాళ్ళు, మామిడి గుజ్జు ఎగుమతి చేసేవాళ్ళు. పంపడం చిన్న పని. ఒక బటన్ నొక్కితే అయిపోతుంది. అది పోయి ఎక్కడ పడిందో తెలుసుకోవడమే కష్టం. అందరూ చూసే ఇన్‌బాక్సులో పడిందా, లేక ఎవరూ తొంగిచూడని స్పామ్ పెట్టెలో, లాటరీ తగిలిందని చెప్పే మెయిళ్ళ పక్కన పడిందా?

ఇది కనిపెట్టడానికి మా ఓనరు గోపాలప్ప సార్ ఒక టూల్ తీసుకున్నారు. అది మా జాబితాలో తన సొంత అడ్రసులు కొన్ని కలుపుకుంటుంది. వాటికి వచ్చిన మెయిల్ ఏ పెట్టెలో పడిందో చూసి, నూటికి ఇన్ని ఇక్కడ, ఇన్ని అక్కడ అని లెక్క చెబుతుంది.

తప్పకుండా చెబుతుంది. మూడో రోజు చెబుతుంది.

ఆ మూడు రోజులే నేను చెప్పే వరం.

పంపిన వెంటనే తెరమీద ఒక పెద్ద పచ్చ చక్రం వస్తుంది. మెయిళ్ళన్నీ మా వైపు నుంచి బయలుదేరినాయని దాని అర్థం. అంతకుమించి ఏమీ లేదు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఫలితాలు సేకరిస్తున్నాం’ అని ఉంటుంది. కానీ అంత పచ్చగా, అంత గుండ్రంగా ఉన్నదాన్ని చూస్తే ఎవరికి అనుమానం వస్తుంది? మా సార్ దానికి కర్పూరం వెలిగించి చూపిస్తారు. మాకు తలా గుప్పెడు సుండల్, అదే శనగ గుగ్గిళ్ళు, పెడతారు. కంప్యూటర్ల సంగతి చూసుకునే కలైయరసన్, పొగ తగలకుండా మానిటర్ని కొంచెం వెనక్కి జరుపుతాడు. ఇంత ప్రశాంతంగా ఉండే ఆఫీసు మా జిల్లాలో ఇంకొకటి లేదని నా నమ్మకం.

అదే రిపోర్టు ఆ గంటలోనే వచ్చేసిందనుకోండి. ఏమవుతుంది? తప్పు తెలుస్తుంది. తెలిస్తే దిద్దాలి. దిద్దాలంటే లేవాలి. తిన్న సుండల్ అరగదు.

పోయిన ఆడి నెలలో, అంటే తమిళుల ఆషాఢంలో, నగల దుకాణం వాళ్ళ తగ్గింపు మెయిల్ రెండు వేలమందికి పంపినాం. తగ్గింపు రెండు రోజులు. రిపోర్టు మూడో రోజు వచ్చింది. దాదాపు అన్నీ స్పామ్‌లోనే పడినాయి. అయితే ఏమి? అప్పటికి తగ్గింపే అయిపోయింది కదా. అయిపోయినదాని గురించి ఎవరు బాధపడతారు? చూడండి, ఆలస్యం ఒక బాధను ఎంత నాజూకుగా తీసేసిందో.

అసలు ఈ సదుపాయం ఒక్క మెయిల్‌కే ఎందుకు ఉండాలి? కూరలో ఉప్పు ఎక్కువైందని నాలుక మూడు రోజుల తర్వాత చెబితే ఏ ఇంట్లో గొడవ ఉంటుంది? పెళ్ళిచూపుల్లో నచ్చలేదన్న మాట పెళ్ళయిన మూడో ఏడు చేరితే ఎన్ని సంబంధాలు నిలబడేవి! బస్సు బ్రేకు పట్టలేదని డ్రైవరుకు మర్నాడు తెలిస్తే... సరే, అది వదిలేయండి. ప్రతి వరానికీ ఎక్కడో ఒక హద్దు ఉంటుంది.

ఈ నాగరికత తెలియని మనుషులు ఇంకా ఉన్నారు. మా కుప్పాయి అత్త అలాంటి మనిషి.

మాది పెన్నాగరం అవతల ఏరియూరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వాళ్ళలో పెళ్ళికైనా, చెవులు కుట్టించడానికైనా పిలుపు చెప్పాలంటే కుప్పాయి అత్తనే పంపుతారు. ఆమెకు చదువు రాదు. కుంకుమ భరిణె పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆ ఇంటి ఆడమనిషి బొట్టు పెట్టుకొని ‘వస్తాం’ అని నోటితో చెబితేనే కొంగుకు ఒక ముడి వేస్తుంది. తలుపు తాళం వేసి ఉంటే ముడి లేదు. వాళ్ళు చేనులో ఉంటే చేనుకే పోతుంది. తిరిగి వచ్చినాక, పిలుపు పంపిన వాళ్ళింటి వాకిట్లో నిలబడి ముడులు లెక్కపెట్టి చెప్పేదాకా మంచినీళ్ళు కూడా తాగదు.

చిన్నప్పుడు నేను ఒకసారి అడిగినాను. “తాళం వేసిన ఇంటి గడపమీద కుంకుమ పెట్టి వచ్చేస్తే సరిపోదా అత్తా?”

“గడపకా పిలుపు, మనిషికా?” అంది. “గడప నడిచి పెళ్ళికి వస్తాదా ఏమి?”

ఎంత తొందరపాటు చూడండి. పొద్దున పోయి సాయంత్రానికి లెక్క చెప్పేస్తుంది. మూడు రోజుల ప్రశాంతత అనేది ఆమెకు తెలియనే తెలియదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈమధ్య హోసూరు వైపు ఒక కంపెనీ మా జిల్లాలో డిప్లొమా చదివిన అమ్మాయిలను ఉద్యోగాలకు పిలిచింది. రెండువందల పన్నెండు మంది దరఖాస్తు పెట్టుకున్నారు. ఇంటర్వ్యూ బుధవారం. వచ్చేవాళ్ళు మంగళవారం సాయంత్రం నాలుగు గంటల్లోపు మెయిల్లోనే ‘వస్తాను’ అని జవాబు పెట్టాలి. పెట్టకపోతే పేరు కొట్టేస్తారు. ఆ పిలుపులు పంపే పని మాకు వచ్చింది. శనివారం పొద్దున పది గంటలకు పంపినాం. చక్రం పచ్చగా వచ్చింది. కర్పూరం వెలిగింది. సుండల్లో ఆ రోజు కొబ్బరి కూడా వేసినారు.

ఆ రెండువందల పన్నెండు మందిలో మా ఊరి తిలగవతి ఒకతి. డిప్లొమా చదివి రెండేళ్ళయింది. ఇప్పుడు వాళ్ళమ్మతో కలిసి ధర్మపురిలో ఇళ్ళు కట్టే చోట ఇటుకలు అందిస్తుంది. ఇద్దరం రోజూ ఒకే బస్సులో వస్తాం. శనివారం సాయంత్రం బస్సులో అడిగింది.

“అక్కా, మెయిల్ రాలేదే. నా పేరు తీసేసినారేమో?”

“పోయింది తిలగా. నేను కళ్ళతో చూసినాను. నూటికి నూరు పచ్చ.”

“అట్లయితే వస్తాదిలే,” అని ఫోన్ని సంచిలో పెట్టుకుంది. ఇటుకల దుమ్ము పడకుండా దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టుకుంటుంది.

సోమవారం పొద్దున ఆమె అడగలేదు. ఫోన్ తీసి చూసి, మళ్ళీ కవర్లో చుట్టింది. పెన్నాగరం వచ్చేలోపు నాలుగుసార్లు అట్లా చుట్టింది. నేను ఉండబట్టలేక ఫోన్ ఇటివ్వమని అడిగి తీసుకున్నాను. స్పామ్ పెట్టె తెరిచినాను. బట్టతలకు నూనె, విదేశీ లాటరీ, ఈ రెంటి మధ్యలో చేతులు కట్టుకొని నిలబడినట్టు ఉంది మా పిలుపు.

“ఇట్లాంటి పెట్టె ఒకటి ఉందా అక్కా?” అంది తిలగవతి. “నేను ఇంత దినం దీన్ని తెరవనే లేదే.”

అక్కడే జవాబు రాసింది. సిగ్నల్ లేదు. చెయ్యి కిటికీ బయటపెట్టి ఫోన్ పట్టుకుంది. పోయినట్టు గుర్తు వచ్చేదాకా చెయ్యి లోపలికి తీయలేదు.

నేను ఆఫీసుకు పోయి చెప్పినాను. మెయిళ్ళు స్పామ్‌లో పడుతున్నాయి, ఒకసారి సరిచేసి మళ్ళీ పంపుదామా అని.

“రిపోర్టు వచ్చిందా?” అన్నారు గోపాలప్ప సార్.

“రాలేదు సార్. నేను ఒక అమ్మాయి ఫోన్‌లో చూసినాను.”

“ఒక ఫోన్ చూసి చెబితే ఎట్లమ్మా? అంత పెట్టి టూల్ దేనికి తీసుకున్నది?”

కలైయరసన్ నన్ను జాలిగా చూసి తమిళంలో చెప్పినాడు. “అక్కా, అది ఒక్కరి అనుభవం. డేటా కాదు. డేటా రేపు వస్తుంది.”

సార్ తెరమీది చక్రం చూపించినారు. “ఎంత పచ్చగా ఉందో చూడు. నీ కళ్ళే ఏదో తేడాగా చూసినట్టున్నాయి.”

నాకు ఎదురు మాట్లాడటం రాదు. మళ్ళీ పంపే పాస్‌వర్డు నా దగ్గర లేదు. కంపెనీ ఇచ్చిన జాబితాలో పేరు, ఊరు, మెయిల్ అడ్రసు తప్ప ఫోన్ నంబర్లు లేవు. జాబితా ఒకసారి పైనుంచి కిందికి చూసినాను. ఏరియూరు అని ఉన్నవి నాలుగు. ఒకటి తిలగవతి. మెట్ల మీదికి పోయి కుప్పాయి అత్తకు ఫోన్ చేసినాను.

“పెళ్ళా?” అంది.

“కాదత్తా. ఉద్యోగం పిలుపు. ముగ్గురు పిల్లలు. ఫోన్‌లో స్పామ్ అని ఒక పెట్టె ఉంటుంది, దాన్ని తెరిచి చూసి జవాబు పెట్టమని చెప్పల్ల.”

“ఏం పెట్టె?”

“స్పామ్.”

ఆ మాటను నోట్లో మూడుసార్లు తిప్పుకుంది. సరే, పోతానంది.

సాయంత్రం బస్సు దిగేసరికి మా వాకిట్లో నిలబడి ఉంది. ఇద్దరు ఇంట్లోనే ఉన్నారట. మూడో పిల్ల చెనక్కాయ చేనులో కలుపు తీస్తుంటే అక్కడికే పోయిందట. ఆ పిల్ల ఫోన్ ఇంట్లో ఉంటే, ఇంటికి పంపి, జవాబు పెట్టేదాకా గట్టుమీద కూర్చుందట. కొంగుకు మూడు ముడులు చూపించింది. అప్పుడు నీళ్ళు అడిగింది.

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకు రిపోర్టు వచ్చింది. వచ్చింది కానీ తెరవలేదు. మా ఆఫీసులో రాహుకాలంలో రిపోర్టు తెరవరు. మంగళవారం రాహుకాలం నాలుగున్నరదాకా ఉంటుంది.

“సార్, జవాబులకు గడువు నాలుగు గంటలదాకే,” అన్నాను.

“మూడు రోజులు ఆగినాం. ఒకటిన్నర గంటలో ఏం మునిగిపోతాదమ్మా?”

నాలుగున్నరకు తెరిచినారు. నూటికి ఎనభై ఎనిమిది స్పామ్. చక్రం ఎర్రగా మారింది. పైన పెద్ద అక్షరాల్లో ‘వెంటనే చర్య తీసుకోండి’ అని రాసి ఉంది.

కలైయరసన్ నావైపు తిరిగి, “ఇది డేటా అక్కా,” అన్నాడు. కొంచెం గర్వంగానే అన్నాడు.

మర్నాడు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. అది ఇన్‌బాక్సులోనే పడింది. మొత్తం ఇరవై ఆరుమంది జవాబు పెట్టినారట. మీ జిల్లా అమ్మాయిలకు ఉద్యోగం మీద ఆసక్తి తక్కువగా ఉన్నట్టుంది, వచ్చే ఏడు ఇంకో జిల్లా చూసుకుంటాం అని రాసినారు. సార్ అది చదివి తల ఊపినారు. “మన పిల్లలకు ఊరు దాటే ధైర్యం యాడ ఉంది?” అని బాధపడినారు.

ఆసక్తి లేని ఆ మిగిలిన నూట ఎనభై ఆరుమంది ఇంకా రోజూ ఫోన్ తెరిచి చూసుకుంటూనే ఉంటారు. పాపిరెడ్డిపట్టిలో, బి. మల్లాపురంలో, ఎక్కడెక్కడో. వాళ్ళకు వరం దొరికిన సంగతి ఎవరూ చెప్పలేదు. నేను చెబుదామంటే నా దగ్గర ఉన్నవి వాళ్ళ మెయిల్ అడ్రసులు. మెయిల్ పెడితే ఎక్కడ పడుతుందో మీకు తెలుసు.

తిలగవతి బుధవారం ఇంటర్వ్యూకు పోయి వచ్చింది. గురువారం పొద్దున బస్సులో నాకోసం సీటు పట్టి పెట్టింది.

“బాగానే చెప్పినాను అక్కా. ఒక్క ప్రశ్నకే తడబడినాను. శనివారం రిజల్ట్ పంపుతారంట. సోమవారంలోగా పోయి చేరల్లంట.”

“ఎట్లా పంపుతారంట?”

“మెయిల్లోనే.” ఆమె ముఖం వెలిగిపోతూ ఉంది. “పంపేది మీ ఆఫీసేనా అక్కా?”

ఆ రోజు సాయంత్రం బస్సు దిగి నేరుగా కుప్పాయి అత్త ఇంటికి పోయినాను. శనివారం పనికి పోవద్దు, ఇంట్లోనే ఉండు అత్తా అని చెప్పినాను. ఎందుకని అడగలేదు. కట్టుకున్న చీర కొంగును రెండు వేళ్ళతో పట్టుకొని చూసుకుంది.

“ఇది నలిగి మెత్తబడిపోయింది. ముడి నిలవదు,” అంది. “ఆ దినానికి వేరేది కట్టుకుంటాలే.”