మూడో గేరు మర్యాదలు

యంత్రాలు చెడిపోయే రోజులు పోయాయని పాఠకులకు సవినయంగా మనవి చేస్తున్నాను. ఈ కాలంలో చెడిపోయేది యజమానులే. యంత్రం తన పని తాను చేసుకుపోతుంది. దాన్ని అర్థం చేసుకునే సంస్కారం కొన్నవాడికి లేకపోతే ఆ లోటు తీర్చడానికి కంపెనీవారు ఊరి చివర ఒక అద్దాల మేడ కట్టించి, ఏసీ పెట్టించి, మెత్తటి సోఫాలు వేయించారు. దాన్ని సర్వీసు సెంటరు అంటారు. అక్కడ కార్లు బాగుచేస్తారని జనంలో ఒక అపోహ ఉంది. (నాకూ ఉండేది. అప్పటికి కారు కొత్త.)

మా ఇంట్లో సంపాదన మా ఆవిడది, స్టీరింగు నాది. నేను పత్రికలకు వ్యాసాలు రాస్తాను కాబట్టి ఈ ఏర్పాటు ఎవరూ బలవంతపెట్టకుండానే కుదిరింది. ఆవిడ పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ అంతస్తుల కేకులు చేస్తుంది. కేకు చెయ్యడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టి గుమ్మం చేర్చడం ఇంకో ఎత్తు. పాత కారులో గేర్లు నేనే మార్చేవాణ్ణి. నేను మార్చినప్పుడల్లా కేకు మీద క్రీము గులాబీ ఒకటి రాలేది. చివరికి ఆవిడ ఉన్నదంతా ఊడ్చి, గేర్లు తనంతట తనే మార్చుకునే ఒక విలాసవంతమైన కారు కొనాలని నిశ్చయించింది. షోరూములో అబ్బాయి డాష్‌బోర్డు మీద నిండుగ్లాసు పెట్టి, మమ్మల్ని ఊరంతా తిప్పి, చుక్క తొణక్కుండా వెనక్కి తెచ్చాడు.

"నీళ్ళ సంగతి సరే బాబూ, క్రీము నిలబడుతుందా?" అని అడిగింది మా ఆవిడ.

"అమ్మా, ఈ కారులో మనసే నిలబడుతుంది," అన్నాడతను.

కొనేశాం.

మొదటి కేకు ఒక చంటిదాని పుట్టినరోజుది. రెండో గేరు నుంచి మూడో గేరుకి వెళ్ళబోతూ మా కారు ఒక్క క్షణం ఆగింది. ఏదో ఆలోచించింది. ఆ తరవాత వెనకనుంచి ఎవరో కాలితో తన్నినట్టు ముందుకు దూకింది. వెనకసీట్లో రెండంతస్తుల కోట కాస్తా ఒక్క అంతస్తు చదునునేల అయిపోయింది. పిల్ల తండ్రి పెట్టె మూత తీసి చాలాసేపు చూసి, "ఇది మా పాప కోటేనా అండీ?" అని అడిగాడు. మా ఆవిడ ఏడవలేదు. ఏడవనప్పుడే నాకు భయం.

మర్నాడు అద్దాల మేడకి వెళ్ళి ఫిర్యాదు ఇవ్వాలన్నాను. కౌంటరు దగ్గరి అమ్మాయి ఎంతో జాలిగా నవ్వింది.

"ఇక్కడ ఫిర్యాదులు తీసుకోమండీ. అనుభవాలు తీసుకుంటాం."

నా అనుభవానికి ఒక టోకెను ఇచ్చారు. కాసేపటికి టై కట్టుకున్న ఒక సర్వీసు సలహాదారు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కుర్రాడు మంచివాడు. ముఖంలో కపటం లేదు. కంపెనీ నేర్పిన మాటల్ని దేవుడిచ్చినవనుకుని నమ్మే రకం.

"మన గేరుబాక్సు చాలా తెలివైంది సార్. నడిపేవాళ్ళ స్వభావం చూసి నేర్చుకుంటుంది. మీకు ఇంట్లో ఏమైనా మనశ్శాంతి తక్కువగా ఉందా?"

"కేకు పడ్డప్పటినుంచీ ఉంది."

"కేకు పడకముందు?"

"కారు కొన్నప్పటినుంచీ ఉంది."

అతను తలూపి నన్ను యజమాని ప్రవర్తన ఉపాధికారి గారికి అప్పగించాడు. (పై అధికారి కూడా ఉన్నారు. ఆయన ఇంకా మొండి యజమానులకి.) ఉపాధికారి గారు నాకు కారులో పాటించవలసిన నియమాలు చెప్పారు. మూడో గేరు వచ్చే ముందు దీర్ఘంగా ఊపిరి తీసుకోవాలి. యాక్సిలరేటరుని తొక్కకూడదు, నిమరాలి. గేరుబాక్సు నన్ను పూర్తిగా అర్థం చేసుకునేదాకా కారులో భార్యతో వాదించకూడదు. ఈ చివరి నియమాన్ని మేమిద్దరం నిష్ఠగా పాటించాం. అంత ప్రశాంతమైన ప్రయాణాలు మా కాపురంలో అంతకుముందు లేవు. కారు మాత్రం తన్నుతూనే ఉంది.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి సలహాదారు తనే పక్కసీట్లో కూర్చుని, "పదండి సార్, చూద్దాం," అన్నాడు. ఊరంతా తిరిగాం. గతుకులు ఎక్కాం, దిగాం. రెండు, మూడు, నాలుగు, ఏ గేరు ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియలేదు. వెన్నపూసే. అతను దిగి, టై సవరించుకుని, "చూశారుగా," అన్నాడు. నేను గేటు దాటాను. ధన్‌మని తన్నింది.

ఇది నా ఒక్కడి ఖర్మ కాదని సోఫాల్లో కూర్చున్నాక తెలిసింది. ఒక పక్క రిటైర్డు జడ్జిగారు, ఇంకో పక్క పళ్ళ డాక్టరమ్మ. ఇద్దరిదీ అదే కారు, అదే మూడో గేరు.

"నా ముందు నిలబడి అబద్ధాలాడినవాళ్ళకి లెక్కలేదయ్యా," అన్నారు జడ్జిగారు. "ఇంత నిబ్బరంగా సాక్ష్యం తారుమారు చేసినదాన్ని మాత్రం చూడలేదు."

"మీది అబద్ధాలాడుతోంది, నాది పళ్ళు రాలగొడుతోంది," అంది డాక్టరమ్మ. "నాకు పోటీ పెట్టినట్టుంది."

ఆ రోజు నాతో వచ్చిన మా ఆవిడ ఇవన్నీ వింటూ కంపెనీ బిస్కెట్టు నములుతోంది. (అది మెత్తబడిపోయిందని తరవాత విడిగా చెప్పింది.) ఉన్నట్టుండి లేచింది.

"ఇందులో రోగమేమీ లేదు. బుద్ధి. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో వడ్డించే బుద్ధి. కంపెనీ మనిషి కూర్చుంటే వంగి వంగి దండాలు పెడుతోంది. మనల్ని చూస్తే తంతోంది." తిన్నగా సలహాదారు దగ్గరికి వెళ్ళింది. "బాబూ, శనివారం నీకేం పనుంది?"

శనివారం అతను మా కారులో కూర్చున్నాడు. కేకు నిలబడింది. గులాబీ రేకు కూడా కదల్లేదు.

మంచి విషయం దాగదు. మరుసటి వారానికి జడ్జిగారు, ఆ పై వారానికి డాక్టరమ్మ అతన్ని అడిగి తీసుకెళ్ళారు. కంపెనీ చూసి కోప్పడుతుందనుకున్నాం. కంపెనీ చూసి మురిసిపోయింది. 'సహప్రయాణ సాంత్వన సేవ' అని పేరు పెట్టి, పేరుతోపాటు నిబంధనలు పెట్టింది. సలహాదారు పక్కసీట్లోనే కూర్చోవాలి. యూనిఫాం తప్పనిసరి. నిద్రపోకూడదు, ఎందుకంటే అతను కునుకు తీసినప్పుడు కారు కూడా కొంచెం చనువు తీసుకుంటోందని తేలింది. కొందరు యజమానులు దొంగదారులు వెతక్కపోలేదు. జడ్జిగారు అతని టై ఒకటి అడిగి తెచ్చి పక్కసీటుకి కట్టి చూశారు. వీధి మలుపు దాకా పనిచేసిందట. డాక్టరమ్మ అతని ఫోటో అంటించింది. ఫోటోని కారు అసలు లెక్కచెయ్యలేదు.

ఇలా తిరుగుతూ ఉండగా కుర్రాడు మావాడైపోయాడు. మా ఆవిడని అక్కా అనేవాడు, నన్ను బావగారూ అనేవాడు. కేకు అంచులు కోసిన ముక్కలన్నీ అతనివే. డాక్టరమ్మ కారులో కూర్చుని కూర్చుని, ఆమె దగ్గర రిసెప్షన్ చూసే అమ్మాయికి మనసిచ్చాడు. ఒక గేరుబాక్సు చేసిన పనుల్లో పదిమందికీ చెప్పుకోదగ్గది నాకు తెలిసి అదొక్కటే.

పెళ్ళి కుదిరింది. "కేకు నాది," అంది అక్క. అప్పుడే ఇంకో సంగతి జరిగింది. పెళ్ళి హాలు నడిపే మేనేజరమ్మ మా ఆవిడని పిలిపించింది. మనిషి మాట గట్టిది, ముఖం ఇంకా గట్టిది.

"మా హాల్లో పెళ్ళికొకరు కేకు తెస్తున్నారు, సగం వంగిపోయి వస్తున్నాయి. మీది నిలబడి వస్తే ఇక్కడ జరిగే పెళ్ళిళ్ళన్నిటికీ మీరే. కానీ ఒకటి చూసి ఇవ్వను. రెండు చూస్తాను. మొదటిది అదృష్టం కావచ్చు."

ఇంటికొచ్చాక మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. మా వంటింట్లో ఇద్దరు పడితే మూడోవాడు గోడలోకి దారి చూసుకోవాలి. కేకు ఆరబెట్టాలంటే నా రాత బల్ల ఖాళీ చెయ్యాలి. "ఆ హాలు మనకొస్తే చిన్న షాపు తీసుకోవచ్చు," అంది. "ఒక పెద్ద బల్ల, ఒక పెద్ద పొయ్యి. నాకింకేం అక్కర్లేదు." ఆవిడ ఇంతకాలంలో నన్ను ఏదీ అడగలేదు. ఇప్పుడూ నన్ను కాదు, కారుని అడిగింది.

పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అంటారు. మేము పెళ్ళికి వెళుతూ పెళ్ళికొడుకునే పక్కసీట్లో పెట్టుకుపోయాం. కొత్త సూటు మీద కంపెనీ టై కట్టుకుని కూర్చున్నాడు పాపం. దారంతా అతని ఫోను మోగుతూనే ఉంది. జడ్జిగారికి అతను కావాలి, డాక్టరమ్మకి అతను కావాలి. పెళ్ళికూతురికి కూడా కావాలి కానీ ఆ అమ్మాయి మర్యాదస్తురాలు, వరసలో చివర నిలబడింది.

"జడ్జిగారూ, మీరు మా వెనకాలే రండి," అన్నాడు ఫోనులో. "మూడో గేరు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి చెయ్యి ఊపుతాను. మీ కారుకి కనిపిస్తే చాలు."

ఊపాడు. పెళ్ళికొడుకు ఆనందం పట్టలేక ఊపుతున్నాడనుకుని రోడ్డు మీద జనం కూడా ఊపారు.

కేకు హాలు చేరింది. మూడంతస్తులూ మూడంతస్తుల్లాగే ఉన్నాయి. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, క్రీము వేడెక్కిందేమోనని చూస్తున్నట్టు నటించింది. మేనేజరమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, "ఒకటయింది," అంది.

విందు మధ్యలో కంపెనీ పెద్దాయన ఒకరు వేదిక ఎక్కారు. ఈ శాఖలో ఈ రోజువరకూ ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదనీ, దేశంలో ఇంకెక్కడా ఇలా లేదనీ, దీని వెనక పెళ్ళికొడుకు కృషి ఉందనీ చెప్పి, అదే రకం కొత్త కారు తాళం అతని చేతిలో పెట్టారు. కుర్రాడికి కన్నీళ్ళు ఆగలేదు. అందరం చప్పట్లు కొట్టాం. జడ్జిగారొక్కరే కొట్టలేదు. తీర్పు ముందే తెలిసినవాళ్ళు అలాగే కూర్చుంటారని ఇప్పుడనిపిస్తోంది.

రెండో కేకు ఆ పై ఆదివారానికి. కొత్త పెళ్ళికొడుకు మాట తప్పకుండా వచ్చాడు. యూనిఫాం ఉంది, టై ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. పై అంతస్తు విడిగా ఒడిలో పట్టుకున్నాడు, జాగ్రత్త కోసం. ఊపిరి తీసుకున్నాను. యాక్సిలరేటరు నిమిరాను. ఒకటి, రెండు.

కారు ఒక్క క్షణం ఆగి ఆలోచించింది. ధన్‌మంది.

పై అంతస్తు అతని టై మీదుగా జారి, చొక్కా గుండీల దగ్గర ఆగింది.

"బావగారూ, మీరు కోపంగా తొక్కలేదు కదా?"

"నిమిరానయ్యా."

"మరి నేను ఉన్నాను కదా!"

"నీ చేతిలో తాళం పెట్టారుగా తమ్ముడూ," అంది మా ఆవిడ వెనకసీట్లోంచి, మిగిలిన రెండంతస్తుల్నీ రెండు చేతులా కౌగిలించుకుని. "దానికి నువ్విప్పుడు బయటివాడివి కాదు. ఇంట్లోవాడివి."

అంతే, తలుపు తీసుకుని దిగింది. వెనకాల వస్తున్న ఒక కూరగాయల వానుని చెయ్యెత్తి ఆపింది. నేను ఏదో అనబోయేలోపు క్యాబేజీల మధ్య చోటు చేసుకుని, కేకు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ వాను గేర్లు మార్చినప్పుడల్లా వీధి వీధంతా వినిపిస్తుంది, కానీ ముందే చెప్పి మారుస్తుంది. హాల్లో మేనేజరమ్మ కేకు చుట్టూ తిరిగి, పక్కకి అంటుకున్న క్యాబేజీ ఆకుని చూపించి, "ఇది కొత్త డిజైనా?" అని అడిగిందట. "అవునండీ," అందట మా ఆవిడ. పెళ్ళిళ్ళన్నీ ఖాయమయ్యాయి. షాపు చూస్తున్నాం. ఆ వానునే మాట్లాడుకున్నాం.

ఆ వేళ నడిరోడ్డు మీద మిగిలిపోయిన మగవాళ్ళం ఇద్దరం తిన్నగా అద్దాల మేడకి వెళ్ళాం. అతను లోపలికి వెళ్ళబోతే టోకెను తీసుకోమన్నారు. తీసుకున్నాడు. అతను నిత్యం కార్లలో తిరుగుతుండటంతో, అతని కుర్చీలోకి కొత్తగా ఒక అమ్మాయిని తెచ్చారు. ఆ అమ్మాయికి పాఠాలు చెప్పింది అతనే.

"ఇది నిజంగా లోపమేనమ్మా," అన్నాడతను. "నా కళ్ళతో చూశాను. కుదుపుతోంది."

"అర్థం చేసుకోగలను సార్. మీరు నడిపే పద్ధతిలో..."

"నేను నడపలేదు! పక్కన కూర్చున్నాను!"

ఆ అమ్మాయి ఓపిగ్గా తలూపింది. "అయితే మీరు కూర్చునే పద్ధతిలో ఏదో తేడా ఉండి ఉంటుంది సార్."

మా తమ్ముడు ఇంక ఆపుకోలేకపోయాడు. ఒళ్ళోంచి క్రీము రాలుతుండగా విసురుగా లేచి నిలబడ్డాడు.

ఆ అమ్మాయి అతన్ని పైనుంచి కిందకి ఒకసారి చూసి, హాయిగా నవ్వింది.

"చూశారా సార్? లేచి నిలబడ్డారు, ఇప్పుడు కుదుపు లేదు."