పన్నెండడుగుల చెరువులో పాతాళ సంహారం

వినుడు, వినుడు! మబ్బు పట్టిన ఒకానొక శుక్రవారమున, మిట్టమధ్యాహ్నము దాటి కుక్కరు చల్లారిన వేళ, మూడవ అంతస్తులోని ఇరుకింటి భోజనపు బల్లయే రణరంగమై, దానిమీది ల్యాప్‌టాప్ ధగధగాయమాన ఖడ్గమై, నేలపై పాకు ఛార్జరు తీగ కాళ్ళకు చుట్టుకొని ఎవరు బోర్లా పడుదురో యని నేను కాపు కాయుచుండగా, జలాగాధమాపనధురీణ, సరస్సర్వేక్షణసామ్రాజ్ఞి, పొద్దుటి నుండి పచ్చి మంచినీళ్ళైనా ముట్టని నా పెద్దకూతురు యుద్ధమునకు కూర్చుండెను.

ఏమి యుద్ధమందురా? వారమంతయు ఆమె పడవలో తిరిగి, నీటిలోనికి శబ్దమును పంపి లోతు తెలుసుకొను యంత్రముతో ఒక చెరువును కొలిచి వచ్చెను. ఎక్కడ ఎంత లోతో చెప్పు ఆ అంకెల అక్షౌహిణులను పట్టికలో చక్కబరచి, పటములు గీయు సాఫ్ట్‌వేరుకు అప్పగింపవలెను. సాయంత్రము ఐదింటికి పటము చేరకున్నచో, రాబోవు పెద్ద చెరువు పనిని తన బావమరిదికి ఇచ్చివేయుదునని ఆమె మేనేజరు సెలవిచ్చెను. ఎవరా మేనేజరు? శీతలకక్షవిహారి, చక్రాలకుర్చీచక్రవర్తి, జన్మలో చెరువున కాలు తడపని జలవనరుల నిపుణుడు! ఎవరా బావమరిది? పోయినసారి అక్షాంశరేఖాంశములను తారుమారు చేసి, నిక్షేపమువంటి చెరువును తీసికొనిపోయి నడిసముద్రమున పడవేసి, రంగులు బాగున్నవని మెప్పు పొందిన మహానుభావుడు!

నా కూతురు మీట నొక్కెను. తెరపై నీలిసరస్సు అవతరించెను. కాని దాని నట్టనడుమ కాటుకనల్లని మహాబిలమొకటి నోరు తెరచుకొని యుండెను.

"ఆ నల్లటిదేంటే?"

"లోతమ్మా."

"ఎంతుంటుంది?"

"పది కిలోమీటర్లకి ఒక్క మీటరు తక్కువ."

నా చేతి గ్లాసు జారి నేలకూలెను. "దాని మీదా నువ్వు వారం రోజులు తిరిగింది! లైఫ్ జాకెట్టు వేసుకున్నావా లేదా? నా మీద ఒట్టేసి చెప్పు!"

"అది నిజం లోతు కాదమ్మా! నాచు దట్టంగా ఉన్నచోట మెషీనుకి లోతు అందదు. అప్పుడు 'తెలీదు' అనటానికి మైనస్ తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదని రాసిపెడుతుంది. ఈ సాఫ్ట్‌వేరు మైనస్‌ని వదిలేసి దాన్నే లోతనుకుంది."

వార్తాపత్రికాకవచధారి యగు మా ఆయన పేజీ చాటునుండి, "మీ అమ్మా అంతేగా! తెలీనిచోటల్లా పాతాళమే కనిపిస్తుంది" అనెను.

"మీరు ఊరుకోండి. పడవెక్కింది మీరు కాదుగా!"

అంతట నా కూతురు నవ్వాపుకొని, జుట్టు ముడి బిగించి, తెరవైపు చూపుడువేలు ఝళిపించి ఇట్లు గర్జించెను: "ఓరీ మిథ్యాగాధములారా! లేని లోతు చూపి నా తల్లిని వణికించితిరి కదా! మీ వంశమును నిర్వంశము చేయకున్న నేను సర్వేయరునే కాను!"

అట్లు ప్రతిన పూని ఆమె లోతులను చిన్నవి మొదలుకొని వరుసబెట్టగా, దాగియున్న ఆ మైనస్ మూక యంతయు పట్టిక పైకి వచ్చి నిలిచెను. ఒక్క వేటుతో దానిని తుడిచివేసి మరల పటము గీయించెను. హా, దైవమా! ఒడ్డుననేమో నిలువు లోతు, నడుమనేమో చీలమండలు తడియని నీరు!

"అమ్మో!" అని ఆమె తల పట్టుకొనెను.

"ఏమైందే? ఏం పోయింది?"

"తొందరలో లోతుల వరసొక్కటే మార్చానమ్మా. చోట్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు ఏ లోతు ఏ చోటిదో!"

గడియారము నాలుగున్నర దాటుచుండెను. పని పోవుననియు, పని పోయినచో అద్దె కట్టలేమనియు, కట్టలేక వీధిన పడిననాడు వాన కురియక మానదనియు, తడిసిన పిల్లకు జ్వరము తగలక మానదనియు నా మనస్సు ఒక్క నిమిషములో ఆసుపత్రి మెట్లెక్కెను.

"ఎవరూ కదలకండి! కరెంటు పోతుంది!"

"ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉందమ్మా."

"ఉంటే మాత్రం? మీరా ఫ్యాను కట్టేయండి!"

అప్పుడు ఆ వీరపుత్రి, చేసినదానిని చేయనట్లు మార్చు మహాస్త్రమును రెండు వ్రేళ్ళతో సంధించెను. ఒక్కొక్క నొక్కునకు ఒక్కొక్క పొరపాటు వెనుకకు నడచెను. తుడిచిన మూక తిరిగి లేచెను. చెదరిన లోతులు తమతమ చోట్లను చేరుకొనెను. ఈసారి ఆమె చోటును, లోతును కలిపి పట్టిక నంతయు ఒక్కటిగా పట్టి వరుసబెట్టి, శత్రువులున్న అడ్డువరుసలను సమూలముగా పెకలించెను. తెరపై తేటనీలపు సరస్సు, ఒడ్డున పలుచగా, నడుమ చిక్కగా, బుద్ధిగా పరుండెను. పటము పంపి ఆమె వెనుకకు వాలగానే ఫోను మ్రోగెను; అవతల ఆ చక్రాలకుర్చీచక్రవర్తియే.

"మ్యాప్ చూశానమ్మా. నీలం ఇంకాస్త ముదురుగా పెట్టాల్సింది. సరేలే, ఆ పెద్ద చెరువు కూడా నువ్వే కానిచ్చేయ్."

"అదెంత లోతే?" అంటిని, ఆమె ఫోను దింపకముందే.

"కొలిస్తేగా తెలిసేది!"

జయము, జయము! పది వేల మీటర్ల పాతాళము పూడెను, బావమరిది ఆశ అడుగంటెను, ఆ సరస్సు మిక్కిలి లోతైనచోటను పన్నెండడుగులే యని దిక్కులెల్ల మారుమ్రోగెను! మనిషి మునుగుటకు అందులో సగము చాలును. కాని ఆ మాట జయగీతమున పాడరాదట, మా ఆయన చెప్పుచున్నాడు.