అద్దెకు తీసుకున్న నిశ్శబ్దం

ఆ రోజు పని చిన్నదే. మధ్యాహ్నంలోపు, పదిమందీ తలో మూల అద్దెకి తీసుకుని పనిచేసుకునే కోవర్కింగ్ హాళ్లు మూడు చూసి, ఒకటి ఖాయం చేసుకుని, భోజనం వేళకి ఇల్లు చేరాలి. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అక్క వాకిట్లో ఉన్న చెప్పులేవో తొడుక్కుని వెనకాలే నడిచింది.

వాళ్లిద్దరిదీ చెవి మిషన్ల వ్యాపారం. మిషన్లు అమ్మడం, బాగుచేయడం తమ్ముడి వంతు. వచ్చినవాళ్లకి వినికిడి పరీక్ష చేయడం అక్క వంతు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, బీప్‌మని శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తమంటుంది. చూసేది మాత్రం చెయ్యిని కాదు, మొహాన్ని. చెయ్యి మొహమాటానికైనా లేస్తుందని ఆమె నమ్మకం. అక్క ఇంటి ముందుగదిలో మొదలైన ఆ వ్యాపారం పెరిగి పెరిగి మెట్లమీదికి పాకింది. మెట్లమీద కూర్చున్న చెవిటివాళ్లు ఒకరికొకరు రహస్యాలు చెప్పుకుంటుంటే వీధి చివరివాళ్లు కూడా పనులు మానుకుని వినేవాళ్లు.

మొదటి హాలు కింద వ్యాయామశాల ఉంది. ఎవరో బరువు వదిలేసినప్పుడల్లా పైన నేల అదిరింది.

"ఇక్కడ చెవులతో పనేముందిరా? అరికాళ్లతోనే వినొచ్చు" అంది అక్క.

రెండోదాంట్లో పొద్దస్తమానం పాటలు. మూడోది తమ్ముడికి నచ్చింది. హాలు నిండా జనం ఉన్నా చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. ఓ మూల అద్దాల గది ఖాళీగా ఉంది. గుడ్డబూట్లు వేసుకున్న మేనేజరు గొంతు బాగా తగ్గించి చెప్పాడు. "ఇక్కడ ఎవరూ మాట్లాడకూడదండీ. ఏదైనా కావాలంటే చెయ్యెత్తితే చాలు, నేనే వస్తా."

అక్క తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది. "విన్నావా? చెయ్యెత్తితే మనిషొస్తాడట. మన పరీక్షకి ఇది కుదరదేమోరా."

"రానీ అక్కా. మర్యాదంటే అది" అని తమ్ముడు ఏడాదికి సంతకం పెట్టేశాడు.

గదిలో సామాను సర్దేటప్పుడు ఇంకో మాట కూడా అన్నాడు. "ఇకమీదట పరీక్ష నేను చూస్తా, పద్ధతిగా. నువ్వు గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్లని పలకరించు."

"మాట్లాడకూడని చోట పలకరించడమేంట్రా?"

"నవ్వితే చాల్లే."

అక్క కుర్చీ ఎత్తుకుంది. ఒప్పుకుందనుకున్నాడు. తన కుర్చీ తానే మోసుకుని ఆమె గుమ్మం దగ్గరికి వెళ్తుంటే కనీసం ఓ చెయ్యి వేసి ఉండాల్సిందని అతనికి చాలా రోజుల తర్వాత అనిపించింది.

పద్ధతి అంటే, గది మధ్యలో ఓ తెర. ఇవతల తమ్ముడు, బీప్‌లు తప్ప ఇంకేమీ వినబడకుండా చెవులకి హెడ్‌ఫోన్లు. అవతల వచ్చినవాళ్లు. తెర పైనుంచి లేచిన చెయ్యి ఒక్కటే కనబడుతుంది.

మొదట కూర్చున్నది ఒకప్పటి లారీ డ్రైవరు. నాలుగు బీప్‌లు ఆయన్ని దాటిపోయాయి. అయిదోది బాగా గట్టిది కావడంతో చెయ్యెత్తాడు. అద్దంలోంచి అది చూసిన మేనేజరు పిల్లిలా లోపలికొచ్చి, బొమ్మలున్న కార్డు చూపించాడు. డ్రైవరు కాఫీ మీద వేలు పెట్టాడు. కాఫీ వచ్చింది. తాగాక, ఎందుకైనా మంచిదని మళ్లీ చెయ్యెత్తాడు. బిస్కెట్లు వచ్చాయి. ఇంతకాలం ఈ పరీక్షని అపార్థం చేసుకున్నానని ఆయన అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన తన స్నేహితులకి ఈ సంగతి రహస్యంగా చెప్పాడు. అంటే, ఊరందరికీ తెలిసింది. మర్నాటి నుంచి అద్దాల గదిలో చేతులు దించినవాడు లేడు.

తమ్ముడు పొంగిపోయాడు. "చూశావా అక్కా? అందరికీ శుభ్రంగా వినబడుతోంది. మన వీధి గోలే వీళ్ల జబ్బు."

"ఇల్లు మారితే చెవుడు పోతుందట్రా?"

"పరీక్ష చెబుతోంది. నేను కాదు."

పరీక్ష చెప్పినట్టే కొందరి మిషన్లలో శబ్దం తగ్గించాడు. కొందరిని అసలు వాడొద్దన్నాడు. అలా వాడొద్దన్నవాళ్లలో అక్కకి అక్షరాలు నేర్పిన పంతులమ్మ ఉంది. ఆమె ఏ కాఫీకీ ఆశపడలేదు. గదిలో చలేస్తోందని చెయ్యెత్తింది. మేనేజరు ఏసీ తగ్గించాడు. ఇంకా చలేస్తోందని మళ్లీ ఎత్తింది. ఆమె వయసుకి ఇలాంటి వినికిడి అద్భుతమని తమ్ముడు తేల్చాడు. "మీకిక మిషను అక్కర్లేదండీ" అని మూడుసార్లు అరిచి చెప్పాడు. ఆమెకి వినబడకపోతే కాయితం మీద రాసి చూపించాడు. అప్పుడైనా అతనికి అనుమానం రాలేదు.

మరుసటి వారం పంతులమ్మ కూతురికి కాన్పయింది. పుట్టిన బిడ్డ ఏడుపు అమ్మమ్మకి వినిపించాలని అల్లుడు ఫోను చేశాడు. మళ్లీ చేశాడు. పక్కనే ఫోను మోగుతుంటే పంతులమ్మ కుర్చీలో కూర్చుని బీరువా తాళాలు తుడుచుకుంటోంది. మర్నాడు, అల్లుడి కబురు అందుకున్న పాలవాడు సైగలు చేసి చెప్పాడు, మనవరాలు పుట్టిందని.

ఈ సంగతి ఆమె గుమ్మం దగ్గర అక్కతో నవ్వుతూనే చెప్పింది. "పోనీలేవే, ఇంకా చాలా ఏడుస్తుందిగా. తర్వాత వింటా."

అక్క లేచి తిన్నగా అద్దాల గదిలోకొచ్చింది. తెర పక్కకి లాగింది. బీప్‌లు కొట్టే పరీక్ష మిషను ప్లగ్గు పీకి తమ్ముడి ఒళ్లో పడేసింది. ఎదురుగా లారీ డ్రైవరున్నాడు, నాలుగోసారి పరీక్షకి. గదిలో ఏ శబ్దమూ లేదు. డ్రైవరు నిదానంగా చెయ్యెత్తాడు.

"ఏం వినబడింది బాబాయ్?" అని అక్క ఆయన చెవిలో అరిచింది.

"పంచదార కొంచెం తక్కువ వెయ్యమనమ్మా. పోయినసారి మరీ తీపి."

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. మేనేజరు పెదవుల మీద వేలు పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

తమ్ముడు హెడ్‌ఫోన్లు తీశాడు. "ఇక్కడ ఇది కుదరదని నాకు గట్టిగా చెప్పొచ్చు కదక్కా."

"చెప్పానురా. చెవిటివాళ్లకి రెండోసారి చెప్తా. నీకు చెవుడు లేదుగా."

ఆమె కుర్చీ తీసుకుని వెళ్లిపోయింది. తమ్ముడు ఎవరెవరి మిషను తగ్గించాడో, ఎవరిది మాన్పించాడో ఇంటింటికీ తిరిగి కనుక్కుంది. వారం తిరక్కుండా మెట్లు మళ్లీ నిండాయి. తమ్ముడు సంతకం పెట్టిన పాపానికి అద్దాల గదిలో ఒక్కడే కూర్చున్నాడు. ఇంత బుద్ధిగా ఉండే సభ్యుణ్ణి ఎన్నడూ చూడలేదని మేనేజరు మెచ్చుకున్నాడు.

చివరికి ఒకరోజు ధైర్యం చేసి అక్క ఇంటికి వెళ్లాడు. ముందుగదిలో పంతులమ్మ ఉంది. దారిపొడుగునా వల్లె వేసుకున్న మాటలు ఆగకుండా చెప్పేశాడు. తనదే తప్పని, పొగరుతో కళ్లు మూసుకుపోయాయని, ఆ ఏడుపు తిరిగి తేలేనని.

పంతులమ్మ ఆప్యాయంగా నవ్వింది. "మిషను మీ అక్క చేతిలో ఉంది నాయనా. పెట్టుకున్నాక మళ్లీ చెప్పు."

అక్క తొందరపడలేదు. మిషను తుడిచి, చెవికి తగిలించి, ఆమె మొహం చూస్తూ శబ్దం సరిచేసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఊఁ, చెప్పు."

అతను వంగి మిషను వైపు చూశాడు. "మిషను బాగా పనిచేస్తోందాండీ?"

"దివ్యంగా ఉంది నాయనా."

అతను సెలవు తీసుకున్నాడు. అక్కకి చెప్పాల్సింది కూడా ఒకటుందని బస్సు సగం దూరం వెళ్లాక తట్టింది.