మూడో లైను గిన్నెల లోటు

ఒక వీధి పతనం గిన్నెతో మొదలవుతుంది. ఈ సంగతి ఆర్థికశాస్త్రం పుస్తకాల్లోకి ఇంకా ఎక్కలేదు గానీ, గుంటూరు శివార్లలోని మా పత్తిగోడౌన్ల కాలనీ మూడో లైను వారు మొన్న ఫిబ్రవరిలో దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

మూడో లైను ఇళ్ళూ నాలుగో లైను ఇళ్ళూ వీపులు ఆనించుకుని ఉంటాయి. మధ్యలో నడుమెత్తు పెరటిగోడ. దాని మీదుగా ముప్ఫై ఏళ్ళుగా గిన్నెలు నడుస్తున్నాయి. అటు నుంచి గోంగూర మటన్ వస్తుంది, ఇటు నుంచి పులిహోర వెళుతుంది. ఖాళీ గిన్నె తిప్పి ఇవ్వకూడదు కాబట్టి మటన్ గిన్నెలో దోసకాయ పప్పు తిరిగెళుతుంది, పులిహోర గిన్నెలో సేమ్యా తిరిగొస్తుంది. ఏ గిన్నె ఎవరిదో చెక్కించిన పేరు చూస్తే గానీ తెలియదు. (రెండు లైన్లలోనూ అన్ని మతాల దేవుళ్ళూ అద్దెకున్నారు. కాబట్టి ఇది మతం గొడవ కాదు. అంతకన్నా పెద్దది, కూర గొడవ.)

దీన్ని మేం ఇరుగుపొరుగు అనుకుంటూ వచ్చాం. కాదు, వాణిజ్యం అని మా కళ్ళు తెరిపించినవారు జయపాల్ గారు. పురుగుమందుల డీలరు, మూడో లైను సంక్షేమ సంఘం అధ్యక్ష పదవికి అభ్యర్థి. ఆయన వారం రోజులు సర్వే చేయించారు. మన నుంచి అటు వెళ్ళిన గిన్నెలు నలభై ఒకటి. అటు నుంచి వచ్చినవి అరవై మూడు.

"వారానికి ఇరవై రెండు గిన్నెల లోటు!" అని ఆటోకి మైకు కట్టించి చెప్పారు. "నాలుగో లైను మనల్ని నిలువునా దోచుకుంటోంది!"

"ఎక్కువ కూర మనకే వస్తోంది కదండీ, దోచుకోవడం ఎలా అవుతుంది?" అని అడిగాను. బి.ఏ. ఎకనమిక్స్ చదివిన దోషం.

"అదేనమ్మా దోపిడీ," అన్నారాయన ఓపిగ్గా. "వాళ్ళు వండి పంపుతూ పోతే మన పొయ్యిలు ఏమైపోవాలి?"

అంకమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. మా పక్కిల్లే. మిర్చి సీజన్ మొదలైతే కోల్డ్ స్టోరేజీ దగ్గర షెడ్డులో కాయలకి తొడిమలు తీసే పనికి పొద్దున్నే పోయి సాయంత్రం ఏడు దాటాక వస్తుంది. భర్త ఎలీషా మార్టూరులో గ్రానైట్ పాలిష్ పట్టే చోట ఉంటాడు, ఆదివారాలే ఇంట్లో కనపడే మనిషి. పిల్లలిద్దరు. ఏడో తరగతి మహిమ, మూడో తరగతి తమ్ముడు. వాళ్ళు బడి నుంచి రాగానే గోడ అవతలి మస్తాన్‌బీ అన్నం, పప్పు గిన్నెలు అందిస్తుంది. రోజూ. మస్తాన్‌బీ ఇంటి ఏడాది కారానికి పట్టే కాయలన్నిటికీ అంకమ్మ ఊరికే తొడిమలు తీసిపెడుతుంది. (ఇది సర్వేలోకి రాలేదు. తొడిమ తీయడం గిన్నెలో పట్టదు.)

ప్రచారంలో అందరికన్నా గట్టిగా నినాదాలిచ్చింది అంకమ్మే. ఇన్నాళ్ళూ రోజూ గిన్నె అందుకుంటున్నందుకు ఆమెకి లోపల్లోపల సిగ్గుగా ఉండేది. అలా అందుకోవడం తనకి జరుగుతున్న అన్యాయమని ఒక పెద్దమనిషి మైకులో చెప్పడం అదే మొదలు.

"సుంకం వేద్దామా?" అని జయపాల్ గారు అడిగేవారు.

"వేద్దాం!"

"ఎవరు కడతారు?"

"నాలుగో లైను!" అని అంకమ్మ గొంతు చీరుకుపోయేలా అరిచేది. (నేనూ అరిచాను. అందరూ అరుస్తున్న చోట నోరు మూసుకుని నిలబడితే మనవైపు చూస్తారు.)

జయపాల్ గారు గెలిచారు. నన్ను కార్యదర్శిని చేశారు. నాకు డిగ్రీ ఉందనీ, ఇంట్లో పనేమీ ఉండదనీ రెండు తీర్మానాలు పెట్టారు. రెండోది చర్చ లేకుండా నెగ్గింది.

సుంకం పావు వంతుగా ఖరారైంది. వసూలు కూర రూపంలోనే. గోడ పర్యవేక్షణాధికారిగా ప్రసన్నకుమార్ గారిని వేశారు. పాతికేళ్ళు పత్తి కాటా దగ్గర పనిచేసిన మనిషి. ప్లాస్టిక్ కుర్చీ, డిజిటల్ కాటా, విజిల్, ఒక పెద్ద స్టీలు బేసిను మంజూరు చేశాం. బేసిను పేరు వీధి నిధి. (నిధి తెల్లారేసరికి పాసిపోతుంది కనక కమిటీ అదే పూట వినియోగించేది. ప్రజల సొమ్ము వృథా కాకూడదు.)

మొదటి సాయంత్రం మస్తాన్‌బీ గిన్నె ఎత్తగానే విజిల్ మోగింది.

"ఏందయ్యా ప్రసన్నా, కాకుల్ని తోలుతున్నావా?"

"సుంకం, పిన్నీ. పావు వంతు."

"దేనికి? ఇది పప్పేగా!"

"పప్పుకే."

ఆయన గిన్నె బరువు తీసేసి, పప్పు తూచి, పావు వంతు బేసినులో వేశారు. ఆ తర్వాత పప్పు పలచగా ఉందంటూ తేమ కింద ఇంకో గరిటె తరుగు తీశారు. కాటా ఉన్నచోట తరుగు లేకుండా ఉండటం ఈ జిల్లాలో ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

మూడో రోజున అంకమ్మే జయపాల్ గారి ముందుకొచ్చింది. "సుంకం వాళ్ళు కడతారన్నారుగా సార్?"

"వాళ్ళే కట్టారమ్మా. పోయింది వాళ్ళ పప్పేగా."

"మా పిల్లల కంచంలోంచి పోయింది సార్."

"అది నువ్వు చూసే చోటుని బట్టి ఉంటుంది."

"నేను కంచం దగ్గర్నుంచే చూస్తన్నా సార్."

"కొన్నాళ్ళు ఓర్చుకోవాలమ్మా," అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో నిధికి సంబంధించిన కోడికాలు ఉంది.

ఈలోగా మస్తాన్‌బీ ఒక సాంకేతిక అభ్యంతరం లేవదీసింది. "కందిపప్పు మీ మూడో లైను కొట్లోనే కొన్నా. ఉప్పు చినగంజాంది. నీళ్ళు మునిసిపాలిటీవి. కారం కాయలకి తొడిమలు తీసింది మీ అంకమ్మ. ఇది మా లైను పప్పు ఎట్టయిద్దిరా?"

కమిటీ మూడు గంటలు కూర్చుంది. కూర పుట్టిన చోటు ఏది అన్నది చిన్న ప్రశ్న కాదు. గింజ మొలిచిన చోటా, ఉడికిన చోటా? చివరికి నిబంధన నాలుగు (ఆ) తయారైంది. తాలింపు ఏ లైనులో పడితే ఆ కూర ఆ లైనుది. ఆవాలు కనపడితే దిగుమతి, కనపడకపోతే ముడిసరుకు. ముడిసరుకు మీద సుంకం లేదు.

మర్నాటి నుంచి నాలుగో లైను నుంచి వచ్చే ప్రతి గిన్నే తాలింపు లేకుండా వచ్చింది. ప్రసన్నకుమార్ గారు టార్చిలైటు వేసి గరిటెతో అడుగుదాకా వెతికినా ఒక్క ఆవగింజ దొరకలేదు. సాయంత్రం ఆరయ్యేసరికి మా లైనంతా చిటపటలు, కరివేపాకు వాసన. జయపాల్ గారు బాల్కనీలో నిలబడి గుండెల నిండా పీల్చుకున్నారు. "ముప్ఫై ఒక్క కొత్త తాలింపులు! చచ్చిపోయిన పరిశ్రమని నిలబెట్టాం!" అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

అంకమ్మ ఇంట్లో మాత్రం చిటపటలు ఏడున్నరకి గానీ వినపడేవి కావు. తను లేనప్పుడు పొయ్యి ముట్టుకోవద్దని పిల్లలకి చెప్పింది. తాలింపు పడనంత సేపూ అది ముడిసరుకే, అలాగే తింటే అవతలి లైను కూర తిన్నట్టే లెక్క, సుంకం పడుతుంది. అందుకని ఇద్దరూ గిన్నె ఎదురుగా పెట్టుకుని తల్లి కోసం కూర్చునేవాళ్ళు. ఆమె వచ్చి, పగలంతా కాయలు ఒలిచి మంటలెత్తుతున్న వేళ్ళతో పొయ్యి వెలిగించి, పప్పుకి పౌరసత్వం ఇచ్చేది.

"వేళ్ళు పాలలో ముంచుకో," అన్నాను ఒకరోజు.

"పాలు ఏ లైనువక్కా?" అంది అంకమ్మ. నవ్వుతోందో లేదో తెలియలేదు.

నాలుగో లైను అధ్యక్షుడు జక్రయ్య గారు ఊరుకోలేదు. మన పులిహోర మీద సగానికి సగం సుంకం వేశారు. దాంతో పులిహోర ఆగిపోయింది. జయపాల్ గారు ఇంకో మెట్టెక్కారు. తాలింపు చాలదు, ఉడకడం కూడా ఇక్కడే జరగాలన్నారు. అంటే పచ్చి కందిపప్పు తప్ప ఏదీ గోడ దాటకూడదు.

"ఏమే అంకమ్మా," అని మస్తాన్‌బీ గోడ మీంచి కేకేసింది. "పప్పుకి పాస్‌పోర్టు రావట్లేదు గానీ, పిల్లల్నే ఇటు పంపు. ఇక్కడే తిని పోతారు."

రెండు రోజులు అలాగే నడిచింది. మూడో రోజు ప్రసన్నకుమార్ గారు దీన్ని కనిపెట్టి కమిటీకి నివేదిక ఇచ్చారు. ఖాళీగా గోడ దూకి, నిండుగా తిరిగొచ్చేదాన్ని గిన్నె అనక ఏమంటాం? కడుపులో తెచ్చినా దిగుమతి దిగుమతే అని తీర్మానించాం. (మినిట్స్ రాసింది నేనే. చేతిరాత బాగుందన్నారు.) బస్తాలు తూచే కాటా ఒకటి తెప్పించి గోడ పక్కన పెట్టాం. పిల్లలు వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఎక్కాలి.

"ఏడొందల యాభై గ్రాములు పెరిగావు," అన్నారు ప్రసన్నకుమార్ గారు.

"రెండు గ్లాసులు మంచినీళ్ళు తాగా అంకుల్," అంది మహిమ. "అది తీసెయ్యరా?"

"నీళ్ళకి మినహాయింపు ఉంది. రుజువు కావాలి."

"ఒంటేలుకి పోయొచ్చి మళ్ళీ ఎక్కనా?"

ఆయన పాతికేళ్ళ సర్వీసులో పత్తి బస్తా ఏదీ ఆయనతో ఇలా మాట్లాడలేదు. నిబంధనల పుస్తకం తిరగేశారు. అందులో లేదు. సుంకం ఎలా వసూలు చేయాలన్నది కూడా లేదు. కాబట్టి కమిటీ సులువైన దారి పట్టింది. గోడని నాలుగు అడుగులు పెంచి, పైన గాజుపెంకులు గుచ్చారు. ఖర్చు ఇంటింటికీ వేశారు. అంకమ్మ తన వాటా రెండు విడతల్లో కట్టింది.

ఏప్రిల్ మొదటి వారం లెక్క తీశాను. అటు వెళ్ళినవి సున్నా. ఇటు వచ్చినవి సున్నా. లోటు సున్నా.

జయపాల్ గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "సాధించాం," అన్నారు. కమ్యూనిటీ హాల్లో విజయోత్సవం పెట్టారు. ఫ్లెక్సీ మీద పెద్ద సున్నా, సున్నాలో ఆయన ఫొటో. శాలువా కప్పారు. గోడ చరిత్ర మీద ప్రసన్నకుమార్ గారు పావుగంట మాట్లాడారు. సభలో ఒక లబ్ధిదారు మాట్లాడితే నిండుగా ఉంటుందని అంకమ్మని పిలిచారు. షెడ్డు నుంచి నేరుగా వచ్చింది. చీర కొంగుకి మిరప గింజలు అంటుకుని ఉన్నాయి. ఆమె వేదిక ఎక్కగానే పెద్దలందరూ వరుసగా తుమ్మారు.

"చెప్పమ్మా," అన్నారు జయపాల్ గారు మైకు అందిస్తూ. "నీ పిల్లలు ఇప్పుడు అవతలి వాళ్ళ గిన్నె కోసం ఎదురు చూస్తున్నారా?"

"లేదు సార్."

"గట్టిగా చెప్పమ్మా, వెనకదాకా వినపడాలి."

"ఎవరి గిన్నె కోసమూ చూట్టంలేదు సార్. నేనొచ్చి వండేదాకా ఆగలేక బన్ను తిని పడుకుంటన్నారు." ఎదురుగా ముఖాలు చూసింది. ఏం చెబితే బాగుంటుందో ఆమెకీ తెలుసు. "బన్ను మన లైను కొట్లోదే సార్."

మన లైను అన్న మాట వినపడగానే హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ప్రసన్నకుమార్ గారు విజిల్ ఊదారు. జయపాల్ గారి కళ్ళు చెమర్చాయి. (ఘాటుకి కూడా కావచ్చు.) నేను పెన్ను పక్కన పెట్టి మరీ కొట్టాను.

తర్వాత మినిట్స్‌లో చప్పట్లు ఏకగ్రీవం అని రాయబోతూ తలెత్తాను. ముందు వరసలో మహిమ కొట్టడం లేదు. ఒక బన్నుని తనకీ తమ్ముడికీ సమానంగా తుంచే పనిలో ఉంది. పెద్ద ముక్క ఏదో తేలక రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తోంది.

అయినా ఏకగ్రీవమనే రాశాను. ఆ పిల్లకి ఇంకా ఓటు లేదు.