మన తీరంలో అంతా క్షేమం

సోమవారం ఉదయం పది గంటల నుంచి కోట మండలంలో చెడు వార్త అనేదే ఉండదని పెంచలప్రసాద్ ప్రకటించాడు. ఆయన పార్టీ సోషల్ మీడియా ఇన్‌ఛార్జి, పైగా 'మన తీరం' యాప్‌కు వ్యవస్థాపక చైర్మన్. అంతటి మనిషి చెప్పాక ఉండదంటే ఉండదు.

యాప్‌లో ఉన్నవాళ్లలో ముప్పాతిక మంది రొయ్యల రైతులు. ఫలానా ఊళ్లో కరెంటు పోయిందని ఒకరు రాస్తే, పక్క ఊళ్లవాళ్లు జనరేటర్ల దగ్గరికి పరుగెత్తేవారు. ఒకరోజు మంత్రిగారు యాప్ తెరిచి, "ఇది యాపా, ఫిర్యాదుల పెట్టా?" అన్నారు. ఆ మాట ప్రసాద్ గుండెలో ముల్లులా దిగింది. రాష్ట్ర డిజిటల్ సలహాదారు పదవి ఖాళీగా ఉంది మరి. అది మంత్రిగారు నోరు తెరిస్తే వచ్చేది.

అందుకే కొత్త ఏర్పాటు చేయించాడు. ఎవరేం రాసినా అందులోని చెడు వాక్యాలను యాప్ తానే తుడిచేసి, మిగిలిన మంచి వాక్యానికి రెండు హృదయాలు తగిలిస్తుంది.

మధ్యాహ్నానికల్లా జనం తిరగబడ్డారు. అందరూ యాప్‌లో తమ ఫొటోలు తీసేసి నల్లరంగు పెట్టుకున్నారు.

"ఒక్కరోజులో ఇంతమంది ఒకే ఫొటో! ఈ ఐకమత్యం ఏ యాప్‌లో ఉంది?" అని ప్రసాద్ మురిసిపోయాడు.

"యాప్ తీసేస్తున్నారు సార్," అన్నాడు సాంకేతిక బాధ్యతలు చూసే వినోద్.

"తీసేసేముందు ఒకసారి తెరిచి చూస్తారు గదా! తెరిచినోళ్ల సంఖ్య మంత్రిగారికి పంపు."

సాయంత్రం ఆదిశేషమ్మ నేరుగా ఆఫీసుకే వచ్చింది. ఆమెకు మూడు రొయ్యల గుంటలున్నాయి.

"ఏంది ప్రసాదూ, కరెంటు పోయిందని రాస్తే చెరిపేస్తుండావంట?"

"అది నెగటివిటీ అక్కా."

"ఏరియేటర్లు ఆగినాయంటే నీళ్లలో గాలాడక రొయ్యలన్నీ పైకొచ్చేస్తాయి. ఇంక గంటలో సచ్చిపోతాయి. దాన్ని ఏ టివిటీ అంటారో నాకు తెలీదు. నీకూ గుంట ఉండాది గదా?"

"హజరత్తయ్య చూసుకుంటాడులే అక్కా."

నిజమే. ప్రసాద్ ఆ గుంట గట్టు ఎక్కి రెండేళ్లయింది. కాపలా ఉండే హజరత్తయ్యకు ఫోన్లు చేయొద్దని, ఎత్తొద్దని, ఏ సంగతైనా యాప్‌లోనే రాయాలని ఆదేశించాడు కూడా. చైర్మన్ ఇంటి నుంచే ఆదర్శం మొదలవ్వాలి కదా.

గురువారం కల్యాణ మండపంలో మంత్రిగారి సభ. రైతులు నల్ల బ్యాడ్జీలతో నిరసనకు వచ్చారు. హాలు నిండింది కాబట్టి ప్రసాద్ వాళ్లను స్వాగతించాడు. మండపానికి పెద్ద జనరేటర్ పెట్టించడంతో బయట కరెంటు పోయిన సంగతి లోపల ఒక్కరికీ తెలియలేదు. వేదిక వెనుక పెద్ద తెర మీద 'మన తీరం' ప్రత్యక్షంగా నడుస్తోంది.

అప్పుడే హజరత్తయ్య ఐదు వాక్యాలు రాశాడు. తెర మీద అతని పేరు కింద ఒక్కటే మిగిలింది, రెండు హృదయాలతో.

"రొయ్యలన్నీ పైకొచ్చినాయి అయ్యా."

ప్రసాద్ మైకు అందుకున్నాడు. "చూడండి సార్! మీ పాలనలో రొయ్యలు కూడా పైకొస్తున్నాయి!"

హాల్లో అందరూ ఒకేసారి లేచారు. కుర్చీలు పడ్డాయి, చెప్పులు మిగిలాయి, ఎవరి గుంటకు వాళ్లు పరుగో పరుగు. ఆదిశేషమ్మ గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగి అరిచింది.

"అది నీ గుంట ప్రసాదూ! పరిగెత్తయ్యా!"

ఖాళీ అయిన హాలును చూసి మంత్రిగారు చలించిపోయారు. "ఇంతమంది ఒక్కసారిగా లేచి నిలబడటం నా రాజకీయ జీవితంలో చూడలేదయ్యా. ఆ పదవి నీదే!" అంటూ ఫొటో కోసం ప్రసాద్ కుడిచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

ప్రసాద్ ఎడంచేత్తో హజరత్తయ్యకు ఫోన్ కలిపాడు. మోగింది, మోగింది. హజరత్తయ్య మాట తప్పే మనిషి కాదు. ఇక దిక్కుతోచక యాప్ తెరిచి, కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగా, బొటనవేలితో గబగబా రాశాడు: కరెంటు పోయింది. నా రొయ్యలు చచ్చిపోతున్నాయి. ఎవరైనా జనరేటర్ వెయ్యకపోతే మునిగిపోతాను. మీకు పుణ్యముంటుంది.

వెనక తెర వెలిగింది. మంత్రిగారు తల తిప్పి చదువుకుని, ప్రసాద్ చెయ్యి వదిలి రెండు చేతులూ జోడించారు.

"మీకు పుణ్యముంటుంది." రెండు హృదయాలు.